నేను సరిచేసిన చీటీలు

నా చిన్నప్పుడు, ఐదో తరగతి సగం అయ్యేదాకా, బడి నుంచి వచ్చేసరికి మా ఇంటి తలుపు తీసి ఉండేది. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా తాళమే. తీసి ఉన్న తలుపుకూ వేసి ఉన్న తాళానికీ మధ్య ఇరవై తొమ్మిది రోజులున్నాయి. దసరా సెలవుల మొదటి రోజు నుంచి దీపావళి వెళ్ళిన రెండో రోజు దాకా నేను చాలాసార్లు లెక్కపెట్టి చూసుకున్నాను. ఎప్పుడు పెట్టినా అంతే వచ్చింది.

తొంభైల నడుమ సంగతి ఇది. మేము బెంగళూరులో బళేపేట వెనక ఒక వఠారంలో ఉండేవాళ్ళం. మధ్యన చిన్న వాకిలి, దాని చుట్టూ ఏడు వాటాలు, ఏడింటికీ కలిపి ఒకటే కొళాయి. మాది మూడో వాటా, ఒక గదీ ఒక వంటిల్లూ. మా నాన్న పెళ్ళికి ముందే హిందూపురం నుంచి వచ్చి ఒక అచ్చాఫీసులో పనికి చేరాడు. మా అమ్మ గార్మెంట్స్‌లో కుట్టేది. పొద్దున ఎనిమిదికల్లా ఇద్దరూ వెళ్ళిపోతే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. నాకు తోబుట్టువులు లేరు. పగలంతా ఇంట్లో ఉండేది మా అవ్వ ఒక్కతే, సాయంత్రం నాలుగు దాటాక మా అవ్వా నేనూ.

అవ్వ మా నాన్న తల్లి. తాతయ్య పోయాక మా దగ్గరికి వచ్చేసింది. ఆమె ఊరికే కూర్చునే మనిషి కాదు. బళేపేటలో ఒక గాజుల అంగడి నుంచి వారానికి రెండుసార్లు గాజుల మూట ఇంటికి వచ్చేది. అన్ని సైజులూ కలిసిపోయిన మట్టి గాజులు. వాటిని సైజుల వారీగా వేరుచేసి, డజను డజను దారంతో కట్టి, ప్రతి కట్టకూ సైజు చీటీ అంటించి తిరిగి పంపాలి. అవ్వకు చదువు రాదు, కానీ గాజు సైజు ఆమె చేతికి తెలుసు. వాళ్ళమ్మ గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినావిడ. నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి గాజులో దూర్చితే చాలు, అది ఎక్కడ ఆగిందో దాన్నిబట్టి ఏ కుప్పలో పడాలో అవ్వ చెయ్యే చెప్పేది. చీటీలు అంగడి నుంచి చిన్న సైజు మొదలు వరసగా వచ్చేవి, ఆ వరస తప్పకుండా అంటించేది.

మా పెద్దనాయన హిందూపురంలోనే ఉండేవాడు. ఎప్పుడొచ్చినా ఆయన మాట ఒకటే. "ఈ అగ్గిపెట్టెలో ఏం సుఖముండాదిమా? అక్కడ మిద్దె ఉండాది, వాకిలుండాది, రా" అనేవాడు. అవ్వ జవాబు కూడా ఒకటే. "నాకిక్కడ పనుండాదప్పా." ఆ మాట విన్నాక పెద్దనాయన ఒక్కడే బస్సెక్కి వెళ్ళిపోయేవాడు. గాజుల మూట వస్తున్నంత కాలం అవ్వ మా ఇంట్లో ఉంటుంది. ఇది నాకు ఎవరూ విప్పి చెప్పలేదు గానీ, పదేళ్ళ పిల్లనైనా నాకు తెలుసు.

ఆ ఏడు దసరా సెలవులకు పెద్దనాయన పిల్లలు ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. అక్కకు పద్నాలుగేళ్ళు, అన్నకు పన్నెండు, చిన్నవాడికి ఏడు. వాళ్ళున్నది పన్నెండు రోజులు. నా చిన్నతనం మొత్తంలో ఇల్లు నిండుగా ఉన్న రోజులు ఏవని అడిగితే ఆ పన్నెండే చెబుతాను.

ఆశ్వయుజం వాన బెంగళూరులో గట్టిగా కురిసేది కాదు, పూర్తిగా ఆగేదీ కాదు. పొద్దున మబ్బు, మధ్యాహ్నం తుంపర, సాయంత్రం ఒళ్ళు ముడుచుకునే చలి. అవ్వ తలుపు సగం మూసి, తాతయ్య కంబళి మోకాళ్ళ మీద పరుచుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది. కంబళి అంచులు మా నలుగురి కాళ్ళ మీదికీ వచ్చేవి. నడుమ గాజుల కుప్పలు ఆరు. అన్న పన్నెండేసి లెక్కపెట్టి ఇస్తే, అవ్వ కట్టేది. అక్క చీటీలు అంటించేది. జానెడేసి దారం ముక్కలు కత్తిరించడం నా వంతు. విరిగిన ముక్కలు ఏరి డబ్బాలో వేయడం చిన్నవాడి వంతు.

డజను లెక్కపెట్టడానికి అవ్వకు ఒక పద్ధతి ఉండేది. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపులూ తాకుతూ పోవడమే. ఒక్కో వేలికి మూడు, నాలుగు వేళ్ళకు పన్నెండు. వేళ్ళు అయిపోతే డజను అయిపోయినట్టు. అంకెలు నోటితో పలకనక్కరలేదు, కాబట్టి నోరు కబుర్లకు ఖాళీగా ఉండేది. పనికి మధ్యలో బొరుగులూ వేయించిన చెనిక్కాయలూ కలిపి పెట్టేది. డజను తప్పినవాళ్ళకు ఒక పిడికెడు తక్కువ.

"అవ్వా, నాకు లెక్క రాదు కదా, నా పిడికెడు ముందే తినేస్తా" అన్నాడు చిన్నవాడు ఒకరోజు.

"లెక్క రాకపోతే పాయె, లాయరు మాటలు మాత్రం బాగా వస్తా ఉండాయి నీకు" అంది అవ్వ. అని వాడికే రెండు పిడికెళ్ళు పెట్టింది.

తప్పేది ఎక్కువగా నేను. అన్న అటు వెళ్ళినప్పుడు నేను లెక్కపెడితే ఒకసారి పదకొండు వచ్చేది, ఒకసారి పదమూడు. ఆదివారం ఇంట్లో ఉన్న మా నాన్న అది చూసి, కోపంగా కూడా కాదు, మామూలుగా అన్నాడు. "దీనికి లెక్క ఎక్కదులే మా, దారం కత్తిరించుకోనీ." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అవ్వ మాత్రం నవ్వకుండా, నేను లెక్కపెట్టిన పదమూడు గాజుల డజనును విప్పి, ఒక గాజు తీసి నా చేతికి తొడిగింది.

పన్నెండో రోజు వాళ్ళు ముగ్గురూ హిందూపురం బస్సెక్కారు. ఆ సాయంత్రం ఇంట్లో కంబళి ఒక్కసారిగా పెద్దదైపోయింది. అవ్వ కాళ్ళూ నా కాళ్ళూ కప్పుకున్నాక కూడా రెండు వైపులా నేల మీద పరుచుకుని ఉంది. పక్కింట్లో ఎవరో రేడియో పెడితే మా గదిలో ప్రతి మాటా వినిపించింది. వాళ్ళు రాక ముందు కూడా మేమిద్దరమే ఉండేవాళ్ళం. ఇద్దరంటే తక్కువని అప్పటిదాకా నాకు తెలియదు.

మరునాడు బడి తెరిచారు. ఆ రోజే లెక్కల టీచరు దశాంశాలు మొదలుపెట్టింది. చుక్క పక్కన మొదటి అంకె పదో వంతులు, రెండోది నూరో వంతులు. ఎందుకో తెలియదు గానీ, మిగతా లెక్కల్లా అది నన్ను బెదిరించలేదు. రెండు పాయింటు ఒకటి సున్నాకీ, రెండు పాయింటు రెండుకీ ఏది పెద్దదని టీచరు అడిగితే, క్లాసులో అందరూ మొదటిదే పెద్దదన్నారు. పది రెండు కంటే పెద్దది కదా అని వాళ్ళ లెక్క. నేను మాత్రం కాదన్నాను. చివరి సున్నాకు విలువ లేదు, రెండు పాయింటు ఒకటే అవుతుంది, కాబట్టి అది చిన్నది అన్నాను. టీచరు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి అందరికీ వివరించమంది. నా జీవితంలో నేను బోర్డు మీద సుద్దముక్కతో రాసిన మొదటి లెక్క అది. ఇంటికి పరుగెత్తుకుని వచ్చి అవ్వకు చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. "బోర్డు మీద రాసినావా? అందరి ముందరా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ మరునాడు పెద్ద మూట వచ్చింది. దీపావళికీ, ఆ తర్వాత వచ్చే కార్తీకం పెళ్ళిళ్ళకూ బయటూరి అంగళ్ళు అడిగిన సరుకు అది. సైజుకు పదహారు కట్టల చొప్పున ఆరు సైజులు, మొత్తం తొంభై ఆరు కట్టలు. గాజులైతే వెయ్యిన్నూట యాభై రెండు. అక్క లేదు కాబట్టి చీటీల పని మొదటిసారి నా చేతికొచ్చింది. అవ్వ కుప్పలను ఎప్పటిలాగే చిన్న సైజు నుంచి పెద్ద సైజు దాకా వరసగా పెట్టి, కట్టడం మొదలుపెట్టింది. అంగడి నుంచి వచ్చిన చీటీలు ఆరు బొత్తులు, రబ్బరు బ్యాండుతో ఒకదాని కింద ఒకటి. వాటి మీద వరసగా 2.2, 2.4, 2.6, 2.8, 2.10, 2.12 అని అచ్చువేసి ఉంది.

నేను ఆ వరస చూసి ఆగిపోయాను. 2.8 తర్వాత 2.10 ఎలా వస్తుంది? నిన్ననే బోర్డు మీద రాశాను. క్లాసులో అందరూ చేసిన తప్పే అంగడివాళ్ళూ చేశారు, అక్క కూడా చూసుకోకుండా ఇన్నాళ్ళూ అలాగే అంటించింది. ఇంతమందికి తెలియనిది నాకు తెలిసిందన్న సంతోషంతో రబ్బరు బ్యాండు తీసేశాను. బొత్తులను విడదీసి సరైన వరసలో పెట్టాను. ముందు 2.10, తర్వాత 2.12, ఆ తర్వాత 2.2, 2.4, 2.6, చివర 2.8. అన్నిటికంటే చిన్న గాజులకు మొదటి చీటీ, అన్నిటికంటే పెద్ద గాజులకు ఆఖరి చీటీ అంటించాను. తొంభై ఆరు కట్టలకూ ఒక్కటి వంకర పోకుండా అంటించాను. అవ్వకు అంకెలు చదవడం రాదు. చీటీలన్నీ నిటారుగా ఉన్నాయని మాత్రం మెచ్చుకుంది.

ఎనిమిది రోజులు గడిచాయి. మధ్యలో రావలసిన మూట రాలేదు. ఇరవై రెండో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి అంగడాయన మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన స్వయంగా రావడం అదే మొదటిసారి. చేతిలో రెండు కట్టలున్నాయి.

"ఏమవ్వా ఇది? చిన్నపిల్లకి తొడిగే గాజుకి పెద్దమ్మ సైజు చీటీ. పెద్దమ్మ గాజుకేమో నడిమి సైజు చీటీ. ఊర్లో పెండ్లికూతురికి ముందుగా వేసి చూస్తే మోచేతి దాకా పోయి కూర్చున్నాయంట. బయటూరి అంగళ్ళోళ్ళు అంతా వాపస్ కొట్టినారు."

అవ్వ కట్టలు చేతిలోకి తీసుకుంది. వేళ్ళు గాజులో దూర్చి చూసింది. చీటీ మీద ఏముందని ఆయన్ను అడిగింది. ఆయన చెప్పాడు. రెండో కట్టకూ అలాగే అడిగింది. తర్వాత తలెత్తింది. నేను ఆయన వెనక, వాకిట్లో, భుజానికి సంచీతో నిలబడి ఉన్నాను. అవ్వ నన్ను చూసిన ఆ కాసేపూ నాకు బాగా గుర్తు. నాకు ఇంకా అర్థం కాలేదు, కానీ ఆమెకు అర్థమైపోయింది.

"నా కండ్లప్పా" అంది. "ఈ మధ్య ఏమో తేడాగా ఉండాయి. కుప్పలు కలిపేసినట్లుండాను."

"ఇన్నేండ్లలో ఒక్క కట్ట తప్పలేదు నీది" అన్నాడాయన. ఆయన గొంతులో కోపం తగ్గిపోయింది, అది ఇంకా కష్టంగా ఉంది. "వయసు కదా, ఏం చేస్తాము. కండ్లు చూపించుకో అవ్వా. సీజను టైము, మాలు ఇంక వేరేవాళ్ళకి ఇస్తాము. తప్పుగా అనుకోవద్దు."

ఆయన వెళ్ళిపోయాక అవ్వ స్టవ్వు వెలిగించి నాకు పాలు కాచింది. తాగేదాకా ఏమీ అడగలేదు. గ్లాసు కింద పెట్టాక, "ఎట్ల అంటించినావో చెప్పు పాపా" అంది. నేను ఏడవబోయాను. "ఏడుపు కాదు, లెక్క చెప్పు. మొదటి నుంచి."

చెప్పాను. చుక్క, పదో వంతు, విలువ లేని సున్నా, అన్నీ. ఆమె ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అయ్యాక అడిగింది. "అంటే మీ టీచరమ్మ ఒకదాన్ని పది ముక్కలు చేస్తాది. అంతేనా?"

అవునన్నాను.

"అట్లయితే నువ్వు పెట్టిన వరస సరే. తప్పేమీ లేదు. గాజులోళ్ళు పది ముక్కలు చెయ్యరు. పదహారు చేస్తారు. మా కాలంలో రూపాయికి పదహారణాలు, అట్లనే అంగుళానికీ. రెండంగుళాల పైన ఎన్ని అణాలు అని, అదీ ఆ చీటీ."

పాత పేపరు నుంచి మూరెడు పట్టీ చించింది. ఇది ఒక అంగుళం అనుకో అంది. నా చేతనే మడత పెట్టించింది. ఒక మడతకు రెండు భాగాలు, రెండో మడతకు నాలుగు, మూడో మడతకు ఎనిమిది, నాలుగో మడతకు పదహారు. విప్పి లెక్కపెట్టమంది. నేను లెక్కపెట్టి పదిహేను అన్నాను. "నువ్వు గీతలు లెక్కపెట్టినావు. గీతల నడుమ ఉండే ఇండ్లు లెక్కపెట్టు" అంది. పెట్టాను. పదహారు. ఒక చివర నుంచి రెండో ఇల్లు, నాలుగో ఇల్లు, ఆరో ఇల్లు అని వేలితో తాకుతూ పోయాను. ఎనిమిది దగ్గర పట్టీ సరిగ్గా సగమైంది. పది దానికి అవతల ఉంది. పన్నెండు ఇంకా అవతల. నాకు నవ్వు వచ్చింది. అంత నష్టం జరిగిన రోజున, అది నా వల్లే జరిగిన రోజున, నేను నవ్వాను. నా లెక్క ఎక్కడ దారి తప్పిందో కళ్ళ ఎదురుగా కనిపించినందుకు వచ్చిన నవ్వు అది. అవ్వ కూడా నవ్వింది.

తర్వాత భయం తిరిగొచ్చింది. అంగడాయన దగ్గరికి పోయి నేనేనని చెబుదాం అన్నాను. నాన్నకు కూడా చెబుతానన్నాను.

"వద్దులే" అంది అవ్వ. పట్టీని నాలుగు మడతలూ వేసి తన పక్కన పెట్టుకుని, తాను బడికి పోయిన సంగతి చెప్పింది. పోయింది మూడు దినాలట. మూడో దినం అయ్యవారు ఏదో కూడమంటే తప్పు చెప్పిందట. ఆయన నవ్వి, ఈ పిల్లకు గాజుల గంప చాలు అన్నాడట. వాళ్ళ నాయన ఆ మాటే ఇంటికి తెచ్చాడు, నాలుగో దినం పంపలేదు. "తప్పు ఎట్ల వచ్చిందో ఎవురూ అడగలేదు. లెక్క రాదు అన్నారంతే. నలుగురూ అంటా ఉంటే నేను కూడా నిజమే అనుకుంటి" అంది. "నువ్వు నిన్నగాక మొన్న బోర్డు మీద రాసినావు. మీ నాయనకి ఇప్పుడు ఇది తెలిస్తే ఇంక నీకు లెక్క ఎక్కదన్న మాటే నిలిచిపోతాది. నోరు మూసుకో. గాజులు నాకు చూసి చూసి విసుగైంది."

విసుగైందన్న మాట అబద్ధమని నాకు తెలుసు. మరునాటి నుంచి ఆమె చేతులు ఖాళీగా ఉండలేక కంబళి అంచున లేచిన పోగులు లాగుతూ కూర్చునేవి. ఇంట్లో గాజుల చప్పుడు లేదు. గాజుల చప్పుడు లేకపోతే వాన చప్పుడు ఎంత గట్టిగా ఉంటుందో ఆ వారంలో తెలిసింది. అయినా తలుపు తీసే ఉండేది, పాలు కాచే ఉండేవి. మూట రాకపోయినా అవ్వ ఉంటుందేమోనని నాకు ఆశ కలిగింది.

దీపావళికి పెద్దనాయన ఒక్కడే వచ్చాడు. తలంట్లు, భోజనాలు అయ్యాక నాన్న గాజుల సంగతి చెప్పాడు. పెద్దనాయన వెంటనే అందుకున్నాడు.

"నేను చెప్తానే ఉండాను కదా. కండ్లు తెలియకుండా స్టవ్వు దగ్గర ఒక్కతే ఉండేదానికి ఇస్తారా? ఏమన్నా అయితే ఎవురు చూస్తారు? పెట్టె సర్దుమా."

"అంత గుడ్డిదాన్నేమీ కాలేదప్పా నేను" అంది అవ్వ. ఆ మాట చాలా మామూలుగా అంది, నిజం కాబట్టి. ఆ పొద్దునే ఆమె నా లంగాకు హుక్కు కుట్టింది. సూదిలో దారం మొదటిసారికే ఎక్కించింది. నేను పక్కనే ఉన్నాను.

నాన్న చేతిలోని కజ్జికాయ పళ్ళెంలో పెట్టాడు. నెమ్మదిగా అడిగాడు. "కండ్లు బాగుంటే మరి చీటీలు ఎట్ల తప్పినాయిమా? నీకు చదవను రాదు. ఈసారి అంటించింది ఎవురు?"

నాన్న నిజంగా ఆలోచిస్తున్నాడు. అచ్చాఫీసు మనిషి, అక్షరం ఎక్కడ తప్పిందో వెతకడం ఆయన పని. ఆయన చూపు అవ్వ మీద నుంచి అమ్మ మీదికీ, అమ్మ మీద నుంచి నా మీదికీ రావడం నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడే పెద్దనాయన చెయ్యి పైకెత్తాడు. "అదంతా ఎందుకు, ఇదో, చూడుమా. ఇవి ఎన్ని వేళ్ళు?"

మూడు వేళ్ళు. ఆయనకూ అవ్వకూ మధ్య ఐదడుగుల దూరం. పగలు మూడు గంటలు, తలుపు తీసి ఉంది, మబ్బు కూడా లేదు. అవ్వ ఆ వేళ్ళను చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు.

"రెండా?" అంది.

పెద్దనాయన చెయ్యి దించాడు. నాన్న తల వంచుకున్నాడు. ఆయన అడిగిన ప్రశ్న అక్కడితో ముగిసిపోయింది, దాన్ని మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను మూడు అనాలి. ఒక్క మాట. అది మూడేనని ఆమెకు తెలుసనీ, చీటీలు అంటించింది నేనేననీ చెప్పాలి. చెబితే అవ్వ ఉంటుంది. నాన్న అనబోయే మాట కూడా ఉంటుంది. ఆ రెండింటినీ నేను ఆ పూట తూకం వేశానని చెప్పలేను, అంత వయసు కాదు. ఇంకాసేపట్లో చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రం చెబుదామనుకున్నాను. మరునాడు కూడా అనుకున్నాను.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున అవ్వ ట్రంకుపెట్టె వాకిట్లోకి వచ్చింది. వఠారంలో ఆడవాళ్ళందరూ వచ్చి చేతులు పట్టుకున్నారు. ఆటో ఎక్కే ముందు నా తల మీద చెయ్యి పెట్టి, "బొరుగుల డబ్బా నీ ఒక్కదానికే అయింది. ఒక్కసారే తినేసి కడుపునొప్పి తెచ్చుకునేవు" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆటో సందు మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే కళ్ళు బాగున్నాయని తెలిసిపోతుందనుకుందేమో అని చాలా ఏళ్ళ తర్వాత అనిపించింది.

ఆ సోమవారం నుంచి అమ్మ నా మెడలో నాడాకు తాళంచెవి కట్టి పంపేది. నాలుగింటికి వచ్చి తాళం తీసి, పొద్దున గిన్నెలో మూసి పెట్టిన పాలు చల్లగానే తాగేదాన్ని. అమ్మానాన్నలు వచ్చేదాకా రెండున్నర గంటలు, అంటే నూట యాభై నిమిషాలు. మాట్లాడటానికి ఎవరూ లేనప్పుడు నేను లెక్కలు చేయడం మొదలుపెట్టాను. నేల మీద బండలు ఎన్ని, ఒక్కో బండ ఎన్ని జానలు, గది మొత్తం ఎన్ని. పేపర్లు మడిచి ఐదు భాగాలు, ఏడు భాగాలు చేయడం ఎలాగని రోజుల తరబడి చూశాను. ఎవరూ నేర్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. నాకు లెక్క వచ్చిందంటే ఆ నూట యాభై నిమిషాల్లోనే వచ్చింది. అవ్వ ఏది కాపాడాలనుకుందో అది మిగిలింది. అవ్వే లేదు.

హిందూపురంలో అవ్వ మూడేళ్ళు బతికింది. వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు నేల మీద పరిచిన కంబళి మీద అక్కా అన్నా, ఆమె పక్కన నా చోటులో చిన్నవాడూ ఉండేవారు. ఇంటిల్లిపాదికీ సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది ఆమేనని అక్క చెప్పింది. "మా ఊరి గాలికి మా అమ్మ కండ్లు బాగుపడినాయి" అని పెద్దనాయన అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. అవ్వ ఆ మాట విని నా వైపు చూసి కన్ను గీటేది. తిరిగి రమ్మని నేను అడగాలి. అడిగితే ఎందుకు వెళ్ళాల్సివచ్చిందో కూడా చెప్పాలి. ప్రతి వేసవీ నేను బస్సెక్కి తిరిగొచ్చేశాను.

మా నాన్న పోయి నాలుగేళ్ళయింది. అవ్వ కళ్ళు పోయినందువల్లే గాజుల పని పోయిందని ఆయన ఆఖరి దాకా నమ్మాడు. ఇంకాస్త ముందే మంచి డాక్టరుకు చూపించి ఉండాల్సిందని ఆస్పత్రి మంచం మీద కూడా ఒకసారి అన్నాడు. నేను ఆయన దిండు సర్దాను.

నేను పదో తరగతి దాటి చదవలేదు. అయినా ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, బెళ్ళందూరులో ఇళ్ళు కట్టుకునేవాళ్ళు నేలకు ఎన్ని టైల్సు పడతాయో, కిటికీ తెరలకు ఎంత గుడ్డ కావాలో నన్ను పిలిచి అడుగుతారు. ఎవరైనా ఒక అంకె చెబితే ముందు దేనిలో అది ఎన్నో వంతని అడుగుతాను. తప్పు లెక్క కనిపిస్తే కొట్టేయకుండా, అది ఏ దారిన వచ్చిందో మొదటి నుంచి చెప్పించుకుంటాను. చాలాసార్లు ఆ దారి తొంభై పాళ్ళు సరిగానే ఉంటుంది. ఇవి అవ్వ తెలిసే నాకు ఇచ్చినవి.

ఇంకొకటి ఆమె ఇవ్వాలనుకోకుండా ఇచ్చింది. మొన్న ఒక ఇంట్లో కొలతల కాగితం తప్పుగా ఉందని నేను చెబితే, ఆ ఇంటి పెద్దావిడ, "నేనే తప్పు రాసినట్లున్నానమ్మా, నాకు కండ్లు సరిగా తెలియవు" అంది, అడగకముందే. అలాంటప్పుడు నేను తలాడించి కాగితం మడిచేయను. కొంచెం ఆగి, ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చూపు ఎవరి వైపు పోయిందో చూస్తాను.